బిళ్ళా, గోలీయా, మాత్రా? ఆరోగ్య సమాచారం తెలుగులో రాసేవాళ్ళ పని

తెలుగునాట రోజూ ఎక్కువమంది చేతికి అందే ఆరోగ్య సమాచారం మెడికల్ షాపు కౌంటరు మీద పుడుతుంది. డాక్టరు చీటీలో 1-0-1 అని ఉంటుంది. కౌంటరు వెనక కుర్రాడు కత్తెరతో షీటు కత్తిరించి, కాగితం కవర్లో వేసి, దాని మీద పెన్నుతో రెండు గీతలు గీసి "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక" అంటాడు. కత్తెర పడ్డచోట గడువు తేదీ ఎగిరిపోవచ్చు. "తిన్నాక" అంటే టిఫినా, భోజనమా అన్నది తేలకపోవచ్చు. అయినా ఆ రెండు గీతల మీదే ఒక ఇంటి వైద్యం నడుస్తుంది.

ఆ గీతలకూ, మందు పెట్టెలో మడిచి పెట్టే చీమతలకాయంత అక్షరాల ఇంగ్లిష్ కాగితానికీ మధ్య బోలెడంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలో పనిచేసేవాళ్ళే జనానికి అర్థమయ్యేలా ఆరోగ్య సమాచారం రాసేవాళ్ళు. అమెరికా, బ్రిటన్‌లలో ఇది పేరున్న ఉద్యోగం. ప్రభుత్వ ఆఫీసులు ప్రజలకిచ్చే పత్రాలు వాళ్ళకు అర్థమయ్యే భాషలో ఉండాలనే చట్టం మీద ఒబామా 2010 అక్టోబరులో సంతకం చేశారు. బ్రిటన్ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ తన రచయితలను మలమూత్రాలకు ఇళ్ళల్లో పిల్లలతో వాడే మాటలే వాడమంటుంది. సరళ భాషకు 2023లో ఐఎస్ఓ ఒక అంతర్జాతీయ ప్రమాణమే తెచ్చింది. తెలుగులో ఈ పనికి ఇంకా స్థిరమైన పేరు లేదు. పని మాత్రం ఉంది, కాకపోతే ఎక్కువగా "అనువాదం" అన్న పద్దు కింద ఉంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఇంగ్లిష్‌లో తయారైన కరపత్రం తెలుగులోకి వచ్చేసరికి వాక్యం ఈ తరహాలో ఉంటుంది: "నిర్జలీకరణం సంభవించిన పక్షంలో మౌఖిక పునర్జలీకరణ ద్రావణం ఇవ్వబడవలెను." వ్యాకరణానికి వంక పెట్టలేం. కానీ విరేచనాలతో నీరసించిన బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లికి ఇందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఇదే సంగతి ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి చెప్పేటప్పుడు, "విరేచనాలైతే ఒంట్లో నీళ్ళు పోతాయమ్మా. ఓఆర్ఎస్ కలిపి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి" అంటుంది. రెండింటికీ తేడా మాటల బరువొక్కటే కాదు. మొదటి వాక్యంలో మనుషులు లేరు. "ఇవ్వబడవలెను" అంటే ఎవరివ్వాలి? ఆస్పత్రివాళ్ళా, తల్లా? తెలుగులో "బడు" చేరిన ప్రతిచోటా పని చేయాల్సిన మనిషి మాయమవుతాడు. ఆరోగ్య రచనలో ఆ మనిషిని వెనక్కి తెచ్చి కూర్చోబెట్టడం సగం పని.

అచ్చ తెలుగులో రాస్తే సులువవుతుందనే భ్రమ కూడా ఒకటుంది. షుగర్, బీపీ, గ్యాస్, స్కానింగ్ ఇప్పుడు తెలుగు మాటలే. "మధుమేహం" అని శీర్షిక పెడితే భాషాభిమానికి తృప్తిగా ఉంటుంది, పదేళ్ళుగా షుగర్ బిళ్ళలు మింగుతున్న పెద్దాయన అది తన గురించి కాదనుకుని పేజీ తిప్పేస్తాడు. మరోపక్క వడదెబ్బ, గవదబిళ్ళలు, కామెర్లు, కాన్పు, తెల్లబట్ట లాంటి మాటల జోలికి ఇంగ్లిష్ రానక్కర్లేదు. యంత్రాల అనువాదం తెల్లబట్టను "యోని ఉత్సర్గ" చేసి పెడుతుంది. ఏ ఆడమనిషీ ఏ డాక్టరు ముందూ ఆ మాట పలికి ఉండదు. ఏ మాట నిలుస్తుందో తేల్చేది నిఘంటువు కాదు, ఓపీ దగ్గర వరుస. కరోనా కాలంలో "సామాజిక దూరం" అన్న అనువాదం దేశమంతటా వాడుకలోకి వచ్చింది. మన సమాజంలో ఆ మాటకు అంటరానితనం వాసన ఉందని పలువురు ఎత్తిచూపాక "భౌతిక దూరం" మెల్లగా దాని చోటు తీసుకుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "మందు". దీనికి వైద్యం అర్థం ఒకటి, సారాయి అర్థం ఇంకొకటి, పొలంలో కొట్టేది మూడోది. "మందు మానొద్దు" అని టీబీ కరపత్రంలో అచ్చేస్తే, రోజూ రాత్రి కల్లు దుకాణానికి వెళ్ళే మనిషి నవ్వుతాడు. "మందు మానేయాలి" అని లివరు జబ్బు కరపత్రంలో రాస్తే నవ్వాల్సిన పని కాదు, రోగి మాత్రలు మానేసే అవకాశముంది. అందుకని అనుభవమున్నవాళ్ళు ఒకచోట "మాత్రలు" అనీ, మరోచోట "సారా, బ్రాందీ, బీరు, కల్లు" అనీ విడదీసి రాస్తారు. వాక్యం పొడుగవుతుంది, అవనివ్వాలి. పైగా మాత్రలకు కోస్తాలో బిళ్ళలంటారు, తెలంగాణలో గోలీలంటారు. కోస్తాలో ఆయాసం తెలంగాణలో దమ్ము. రెండు రాష్ట్రాలకూ ఒకే కరపత్రం వేయాలంటే "మాత్రలు (బిళ్ళలు, గోలీలు)" అని మొదట ఒకసారి రాసి ముందుకు పోవడం తప్ప దారి లేదు.

మాట తెలిసినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. "పరగడుపున" అన్నది అందరికీ తెలిసిన మాటే. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోమంటే చాలా ఇళ్ళల్లో కాఫీ తాగి వేసుకుంటారు. "ఏమీ తినలేదు కదా" అంటారు. నిజమే, తినలేదు. తాగారు. కాఫీ ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. అందుకే "లేవగానే మంచినీళ్ళతో వేసుకోండి. కాఫీ, టీ, పాలు, టిఫిన్ అన్నీ అరగంట నుంచి గంట తర్వాతే" అని రాయాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్ సంగతీ ఇంతే. దాంతో మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. ఈ విషయం ముందే చెప్పకపోతే రోగి రక్తం పోతోందని హడలిపోయి మాత్రలు ఆపేస్తాడు. ఆరు నెలల కోర్సు మొదటి వారంలోనే ఆగిపోకుండా చూసే వాక్యాలు మూడు: "మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగు. భయపడొద్దు."

2006లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం ఈ రంగంలో ఎప్పుడూ ప్రస్తావనకొస్తుంది. "రెండు మాత్రలు రోజుకు రెండుసార్లు" అన్న లేబులును అంతగా చదువురానివాళ్ళలో 70 శాతానికి పైగా సరిగ్గా చదివి చెప్పగలిగారు. మరి రోజుకు మొత్తం ఎన్ని వేసుకోవాలో మాత్రలు లెక్కపెట్టి చూపించమంటే దాదాపు 35 శాతం మందే చూపించారు. చదవడం, చేయడం వేరువేరన్నమాట. మన షాపు కుర్రాడి "పొద్దున, రాత్రి" ఈ లెక్కన చాలా లేబుళ్ళకన్నా మెరుగు.

తెలుగులో ఈ విద్యకు మంచి నమూనాలు లేకపోలేదు. 1995లో మొదలైన పల్స్ పోలియోకు హిందీలో "దో బూంద్ జిందగీ కీ" అన్నారు. దాన్ని మక్కికి మక్కి దించితే "జీవితపు రెండు చుక్కలు" అయ్యేది. "నిండు జీవితానికి రెండు చుక్కలు" అని రాసినవాళ్ళెవరో గానీ, ఇంగ్లిష్‌నో హిందీనో కళ్ళముందు పెట్టుకుని కాక తెలుగు నోటితో ఆలోచించారు. "నిండు నూరేళ్ళు" అన్న దీవెన అందులో వినపడుతుంది. 2011 జనవరి తర్వాత దేశంలో సహజంగా వ్యాపించే పోలియో వైరస్ కేసు రాలేదు, 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో పోయిందని సర్టిఫికెట్ ఇచ్చింది. అది టీకా గెలుపు, ఇంటింటికీ తిరిగిన కార్యకర్తల గెలుపు. ఆ మాట మాత్రం వాళ్ళ నోళ్ళలో సాఫీగా పలికింది. 2000ల మొదట్లో "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని ఊరూరా హోర్డింగులు వెలిశాయి. ఆ ప్రశ్న తెలియని తెలుగువాడు ఆ రోజుల్లో లేడు. జవాబేమిటని అడిగితే మాత్రం చాలామంది నవ్వి ఊరుకుంటారు. నినాదం గుర్తుండటానికీ సమాచారం అందడానికీ ఉన్న తేడా అదే, ఈ వృత్తిలోకి ప్రకటనల రంగం నుంచి వచ్చేవాళ్ళు తరచూ దెబ్బతినేదీ అక్కడే.

పత్రికల దారి వేరు. విజయవాడ డాక్టర్ జి. సమరం "స్వాతి" వారపత్రికలో ఏళ్ళ తరబడి పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చారు. ఈనాడు "సుఖీభవ" పేజీలు ఇంటింటా చదివారు. ప్రశ్న-జవాబు పద్ధతిలో ఒక సుగుణముంది. ప్రశ్న పాఠకుడి మాటల్లోనే వస్తుంది కాబట్టి జవాబు రాసేవాడు మరీ ఆకాశంలో తేలలేడు.

ఓఆర్ఎస్ కథ ఈ వృత్తికి పాఠ్యపుస్తకం లాంటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో చక్కెర, ఉప్పు, పొటాషియం, సిట్రేట్ ఒక లెక్క ప్రకారం కలుస్తాయి. 2002లో ఆ లెక్కను సవరించి ఉప్పూ గ్లూకోజూ తగ్గించారు. లెక్క తప్పితే గుణం తప్పుతుంది. చక్కెర మరీ ఎక్కువైన తియ్యటి పానీయాలు విరేచనాలను ఇంకా పెంచుతాయి. అయినా అలాంటి పానీయాలే "ఓఆర్ఎస్" అక్షరాలున్న పేర్లతో టెట్రా ప్యాకుల్లో మెడికల్ షాపుల్లోనే అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద దాదాపు ఎనిమిదేళ్ళు పోరాడారు. మధ్యలో 2022లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక మధ్యేమార్గం పట్టింది. పేరు ఉంచుకోండి, కానీ ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదని ప్యాకెట్ మీద రాయండి అంది. చివరికి 2025 అక్టోబరు 14న ఆ వెసులుబాటు తీసేసి, ఆ ఫార్ములా లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదంది. సమాచారం రాసేవాడి కళ్ళతో చూస్తే తేలేదొకటే. ముందువైపు పెద్ద అక్షరాల్లో "అవును" అన్నట్టుండి, ఎక్కడో ఇంగ్లిష్‌లో "కాదు" అని రాసి ఉంటే జనం చదివేది మొదటిదాన్నే. ఎన్ని హెచ్చరికలు కలిపినా బాగుపడని పేరు ఉంటుంది. దాన్ని తీసేయమని చెప్పడం కూడా ఈ పనిలో భాగమే.

అంకెల దగ్గరకొస్తే మంచి రచయితలు కూడా తడబడతారు. "రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు వాడండి" అన్నది సరైన సలహానే, కానీ ఏ వంటింట్లోనూ ఉప్పును గ్రాముల్లో వేయరు. గుప్పిటతోనో చెంచాతోనో వేస్తారు. దాన్ని ఇంటి లెక్కలోకి మార్చి చూడండి. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు. అంటే కిలో ఉప్పు ప్యాకెట్ 50 రోజులు రావాలి. మీ ఇంట్లో నెలకే అయిపోతోందా? ఈ ప్రశ్న వేసిన క్షణంలో ఇల్లాలి మనసు కిరాణా చీటీ మీదికి పోతుంది. ఆవకాయ జాడీలోని ఉప్పు, అప్పడాలు, సాయంత్రం బజ్జీలు ఈ ప్యాకెట్ లెక్కలోకి రాలేదని ఆ వెంటనే గుర్తుచేయాలి.

శాతాలతో ఇంకో రకం ఇబ్బంది. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఒక రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం "రెట్టింపు" అవుతుందని అధికారులు హెచ్చరించారు. నిజానికి 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని దాని అర్థం. జనం "రెట్టింపు" ఒక్కటే విన్నారు. భయపడి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు అంతకుముందుకన్నా దాదాపు 13,000 ఎక్కువయ్యాయని అంచనా. చెప్పిన మాటలో అబద్ధం లేదు, చెప్పిన తీరులో ఉంది తప్పు.

ఇంగ్లిష్‌లో ఈ పని చేసేవాళ్ళకు కొలబద్దలున్నాయి. 1975లో అమెరికా నౌకాదళం కోసం తయారైన ఫ్లెష్-కింకేడ్ సూత్రం పదాల్లో అక్షరాలనూ, వాక్యాల్లో పదాలనూ లెక్కేసి ఇది ఏ తరగతివాడు చదవగలడో చెబుతుంది. తెలుగుకు అది పనిచేయదు. "వేసుకోవాల్సివచ్చినప్పుడు" పదక్షరాల పదం, అయిదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. "శోథ" రెండక్షరాలే. వాపు అని దానర్థమని ఎంతమందికి తెలుసు? మాటకు మాట అతుక్కుపోయే మన భాషలో పొడుగు కష్టానికి గుర్తు కాదు. కాబట్టి ఇక్కడ యంత్రం ఇచ్చే మార్కులను నమ్ముకోవడం కుదరదు. మనుషులకు చదివించి చూడటమొక్కటే మార్గం.

ఈ పనిలో అన్నిటికన్నా బరువైనది ఔషధ పరీక్షల సమ్మతి పత్రం. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, పరీక్షలో చేరే మనిషికి అర్థమయ్యే భాషలో, సాంకేతిక పదాలు లేకుండా సమాచారం ఇవ్వాలి. ఇది ఎందుకు ముఖ్యమో ఖమ్మం జిల్లా చూపించింది. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది వేరే సంగతి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి, 1,948 మీద వేలిముద్రలున్నాయి. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న టీకానే అది. ఎవరికి ఏం చెప్పారో తెలియని కాగితం వల్ల ఊళ్ళలో దానిమీద పడ్డ అనుమానం అంత తేలిగ్గా వదలదు.

ఇలాంటి పత్రాలు రాసేటప్పుడు "యాదృచ్ఛికీకరణ" (ఎవరికి ఏ మందన్నది ఎవరూ ఎంచకుండా తేల్చే పద్ధతి, ఇంగ్లిష్‌లో రాండమైజేషన్) అన్న మాటకు "చీటీ తీసినట్టు" అని రాయొచ్చు. "మీకు ఏ మందు వస్తుందో డాక్టరు గారు కూడా ఎంచుకోరు" అని చేర్చాలి, లేకపోతే డాక్టరు తనకు నప్పేదే ఇచ్చాడని రోగి నమ్ముతాడు. ప్లసీబోకు "చూడటానికి అలాగే ఉండి, మందు లేని మాత్ర". కానీ ఇక్కడొక విచిత్రమైన అడ్డంకి ఉంది. తెలుగు ప్రతిని ఇంకొకరిచేత మళ్ళీ ఇంగ్లిష్‌లోకి మార్పించి, మూలంతో పోల్చి చూస్తారు. దీన్ని తిరుగు అనువాదం అంటారు. "యాదృచ్ఛికీకరణ" అని రాసిన చెత్త తెలుగు ఈ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంటుంది. "చీటీ తీసినట్టు" దగ్గర ఎర్రగీత పడుతుంది, "లాటరీ ఎక్కడి నుంచి వచ్చింది?" అని వివరణ అడుగుతారు. పరీక్ష కొలిచేది మూలానికి విధేయతను, రోగికి అర్థమవడాన్ని కాదు. అందుకే ఏ మాట ఎందుకు మార్చామో పక్కన ఒక్కో వాక్యంలో రాసిపెట్టుకునే రచయితలే ఇక్కడ నెగ్గుకొస్తారు. మిగతావాళ్ళు రెండు నెలల్లో "ఇవ్వబడవలెను"కు అలవాటు పడిపోతారు.

బతుకుతెరువుగా చూస్తే నికరమైన ఉద్యోగాలు తక్కువ, చెల్లాచెదురు పని ఎక్కువ. ప్రభుత్వ ఆరోగ్య శాఖల ప్రచార విభాగాలు, యునిసెఫ్ హైదరాబాద్ ఆఫీసు లాంటి సంస్థలు చేపట్టే ప్రాజెక్టులు, కార్పొరేట్ ఆస్పత్రులు, పత్రికల ఆరోగ్య పేజీలు, ఆరోగ్య యాప్‌లు, అనువాద ఏజెన్సీలు. హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలు మెడికల్ రైటర్లను తీసుకుంటాయి. 2008లో దేశంలో మొదలైన ఫార్మ్‌-డీ అనే ఫార్మసీ కోర్సు చదివినవాళ్ళు అటు చాలామందే వెళ్ళారు. అయితే ఆ ఉద్యోగాల్లో రాసేది ఎక్కువగా ఇంగ్లిష్‌లో, ఔషధ నియంత్రణ సంస్థల కోసం. తెలుగు పని బయటి ఏజెన్సీకి పోతుంది, అక్కడ పదానికి ఇంత అని లెక్క కడతారు. ఈ లెక్కే పనికి గండి కొడుతుంది. మూడు వందల పదాల గజిబిజిని నూట ఇరవై పదాల్లోకి తెచ్చినవాడికి డబ్బు తగ్గుతుంది. అనుభవమున్నవాళ్ళు పేజీకో, ప్రాజెక్టుకో మాట్లాడుకుంటారు, చదివించి చూసే రోజులకు విడిగా అడుగుతారు. అడిగితే అందరూ ఇవ్వరు, అది వేరే సంగతి.

ఎవరు రాణిస్తారంటే డాక్టర్లే అని చెప్పలేం. వైద్యం తెలిసినవాళ్ళకు తమకు తెలిసిందంతా చెప్పాలన్న ఉబలాటం ఉంటుంది. జర్నలిస్టులకు వాక్యం వశమే గానీ మోతాదు దగ్గర పొరపాటు చేస్తారు. నర్సులు, ఫార్మసిస్టులు, కొన్నాళ్ళు ఓపీలో కూర్చున్నవాళ్ళు తొందరగా పట్టు సాధిస్తారు, ఎందుకంటే రోగులు ఎక్కడ తప్పుగా వింటారో వాళ్ళు చూసి ఉంటారు. కొత్తగా వచ్చేవాళ్ళు పని చూపించాలంటే డిగ్రీలకన్నా ఒక పాత కరపత్రం, దాన్ని తిరగరాసిన ప్రతి, నలుగురు చదివాక మళ్ళీ మార్చిన మూడో ప్రతి పక్కపక్కన పెట్టడం మేలు. మూడో ప్రతి లేనివాళ్ళే ఎక్కువ.

ఆ మూడో ప్రతి ఎలా పుడుతుందో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో చూడొచ్చు. కాగితం చదివించి "అర్థమైందామ్మా?" అని అడిగితే నూటికి తొంభై మంది "ఆ, అయింది సార్" అంటారు. అది మర్యాద. అడగాల్సిన తీరు వేరు: "ఇది మీ కోడలికి చెప్పాలంటే ఎలా చెప్తారు?" అప్పుడు పెద్దావిడ కాగితం పక్కన పెట్టి, ఓఆర్ఎస్ ప్యాకెట్ చించి గ్లాసులో పోసి కలపాలని చేత్తో చూపిస్తుంది. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకు, 200 మిల్లీలీటర్ల గ్లాసుకు చిన్న ప్యాకెట్ వేరే ఉంది. పెద్దదంతా ఒక్క గ్లాసులో కలిపితే ఉప్పు అయిదింతలై పసిబిడ్డకు ప్రాణం మీదికొస్తుంది. "ఒక లీటరు నీళ్ళలో" అని కాగితంలో బొద్దుగానే ఉంది కదా అంటే, ఆవిడ తిరిగి ఒక ప్రశ్న వేస్తుంది. "లీటరంటే మా ఇంట్లో దేంతో కొలవాలి బాబూ? కూల్‌డ్రింక్ సీసా ఉంది, అది సరిపోద్దా?"

కూల్‌డ్రింక్ సీసాల్లో ముప్పావు లీటరువీ ఉంటాయి, రెండు లీటర్లు దాటినవీ ఉంటాయి. బస్టాండులో కొనే మంచినీళ్ళ సీసా మాత్రం చాలావరకు లీటరే. రాసేవాడు "ఒక లీటరు నీళ్ళలో" అన్నది కొట్టేసి, మంచినీళ్ళ సీసా బొమ్మ గీసి, దాని పక్కన "ఒక పెద్ద ప్యాకెట్‌కు సీసా నిండా నీళ్ళు" అని రాసి, వరండాలో పక్కన కూర్చున్న ఇంకో ఆవిడ చేతికిస్తాడు.